రెండు సున్నాలు

ఇంగ్లండ్ నైరుతి తీరంలో, ఏవన్ నది సెవర్న్ ముఖద్వారంలో కలిసే చోట ఏవన్‌మౌత్ అనే రేవు ఉంది. బ్రిస్టల్ నగరపు పరిశ్రమలు చాలావరకు అటువైపే. గోదాములు, చమురు ట్యాంకులు, రసాయన కర్మాగారాలు ఉన్న ఆ రేవులో 2003 దాకా జింకు కరిగించే ఫ్యాక్టరీ కూడా నడిచింది. పొగగొట్టం చూస్తే ఉలిక్కిపడే ఊరు కాదది. అలాంటి చోట ఇంకో 50 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పెడతామంటే పెద్దగా గొడవ కాకూడదు. మన వైపు ఒక్కో థర్మల్ యూనిట్టే 500, 800 మెగావాట్లు ఉంటోంది. పైగా ఇది బొగ్గుదీ కాదు, గ్యాసుదీ కాదు. మొక్కల నుంచి తీసిన నూనెతో నడిచేది, ప్రభుత్వ లెక్కల్లో సౌరశక్తి పక్కన, గాలిమరల పక్కన కూర్చునేది.

అయినా 2010 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగర కౌన్సిల్ ఆ దరఖాస్తును తిరస్కరించింది. డబ్ల్యూ4బి అనే కంపెనీ అక్కడ ఏడాదికి 90 వేల టన్నుల దాకా నూనె కాల్చాలనుకుంది. అందులో ప్రధానమైనది పామాయిలు. ఎక్కడైనా ఒక ప్లాంటు వస్తుందంటే ఊరివాళ్లు చెప్పే అభ్యంతరాలు మనకు తెలిసినవే: పొగ, చప్పుడు, లారీలు, భూముల ధరలు. అభివృద్ధి కావాలి కానీ మా ఊళ్లో తప్ప ఇంకెక్కడైనా పెట్టుకోండి అనే బాపతు అని వాళ్లను తీసిపారేయడమూ తెలిసిందే. ఇక్కడ ఆ ముద్ర అతకలేదు. బ్రిస్టల్ జనంలో చాలామంది బాధ తమ ఊరి గాలి గురించి మాత్రమే కాదు. తాము ఎన్నడూ చూడని ఇండోనేషియా, మలేషియా అడవుల గురించి. కౌన్సిలర్లు కాదన్నదీ ముఖ్యంగా ఆ కారణం మీదే.

ఒక ఊరి స్థలానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న విచారణలో పదివేల కిలోమీటర్ల అవతలి అడవికి చోటుందా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబు చట్టం ఒకటి చెప్పింది, రసాయనశాస్త్రం మరొకటి చెప్పింది.

ముందు యంత్రం సంగతి. నూనెతో కరెంటు తీయడానికి బాయిలరు, టర్బైను అక్కర్లేదు. ఓడలను నడిపే రకం పెద్ద డీజిలు ఇంజన్లు చాలు. తనను కనిపెట్టినాయన పేరు మోసే ఈ ఇంజను మొదటి నుంచీ ఇంధనం విషయంలో అంత పట్టింపు లేనిది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో ఒక డీజిలు ఇంజన్ను నడిపి చూపించారు. పామాయిలుతో ఒకటే చిక్కు, అది చలికి గడ్డకడుతుంది. మన ఇళ్లలో డిసెంబరు పొద్దున ప్యాకెట్టు నొక్కి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు డిసెంబరు పొద్దుటే కనుక, ట్యాంకులనూ గొట్టాలనూ వేడిగా ఉంచాలి. అది ఇంజను వదిలే వేడితోనే జరిగిపోతుంది, పెద్ద సమస్య కాదు.

లెక్క వేసి చూద్దాం. కిలో పామాయిలు కాలిస్తే దాదాపు 37 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. 90 వేల టన్నులు కాలిస్తే 92 కోట్ల యూనిట్లకు సమానమైన వేడి. మంచి ఇంజను అందులో 45 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది, అంటే సుమారు 41 కోట్ల యూనిట్లు. 50 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే ఇచ్చేది దాదాపు 44 కోట్ల యూనిట్లు కాబట్టి కంపెనీ అడిగిన నూనెకూ కేంద్రం పరిమాణానికీ పొంతన ఉంది. దరఖాస్తులో లెక్క తప్పు లేదు.

ఇప్పుడు ఆ నూనెను నేల మీద పరిచి చూడండి. ఆయిల్‌పామ్ తోట బాగా పండితే హెక్టారుకు ఏడాదికి నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. 90 వేల టన్నులకు 22,500 హెక్టార్లు కావాలి, మన కొలతలో 55 వేల ఎకరాలకు పైమాటే. ఒక చిన్న కేంద్రానికి ఇంచుమించు ఒక మండలమంత తోట. ఇంకో రకంగా చూస్తే, మన దేశంలో మనిషి ఏడాదికి వాడే వంటనూనె 19 కిలోలు అనుకుంటే ఆ 90 వేల టన్నులు 47 లక్షల మంది వంటకు సరిపోతాయి. బ్రిస్టల్ జనాభా ఐదు లక్షల లోపే.

అదే ఎకరంలో సోలార్ పలకలు పెడితే? ఆయిల్‌పామ్ ఎకరానికి ఇచ్చే కరెంటు, పై లెక్కన, ఏడాదికి ఏడున్నర వేల యూనిట్లు. తెలంగాణలోనో రాయలసీమలోనో ఐదెకరాల్లో ఒక మెగావాటు సోలార్ పెడితే ఏడాదికి 16 లక్షల యూనిట్లు వస్తాయి, ఎకరాకు మూడు లక్షల పైచిలుకు. నలభై రెట్లు తేడా. మబ్బు పట్టిన ఇంగ్లండులో కూడా పాతిక రెట్లకు తగ్గదు. ఇందులో చెట్టు తప్పేమీ లేదు. కిరణజన్య సంయోగక్రియ తన మీద పడ్డ సూర్యశక్తిలో ఒకటి రెండు శాతం పట్టుకుంటే గొప్ప. అందులోనూ చాలా భాగం మాను, మట్టలు, వేర్లు, గెలల పీచుగా పోగా మిగిలిన కొసరే నూనె. సోలార్ పలక ఇరవై శాతం పట్టుకుంటుంది. రాత్రిపూట పలక పనిచేయదు, ఇంజను ఎప్పుడు మీట నొక్కితే అప్పుడు పనిచేస్తుంది, ఆ మాట నిజమే. ఆ ఒక్క సౌకర్యానికి నలభై రెట్ల నేల ఇవ్వవచ్చా అన్నది ఆలోచించుకోవాలి. నేనైతే ఇవ్వను.

మరి ఇంత నేల తినే దాన్ని పర్యావరణ హితమని ఎలా అన్నారు? ఇక్కడే మొదటి సున్నా వస్తుంది.

పామాయిలు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడు డీజిలు కాలితే వచ్చే దానికి కాస్త అటూ ఇటూగా సమానమే. పొగగొట్టం దగ్గర నిలబడి కొలిస్తే ఏది ఏదో పోల్చలేం. కానీ ఆ కార్బన్ మొన్నమొన్ననే చెట్టు గాలిలోంచి పీల్చుకున్నది, కాలిస్తే తిరిగి గాలిలోకే పోతుంది, కనుక నికరంగా ఏమీ చేరలేదు అన్నది వాదన. ఈ వాదన తప్పు కాదు, అసంపూర్ణం. అంతర్జాతీయ వాతావరణ లెక్కల పద్ధతిలో ఒక నియమం ఉంది. జీవ ఇంధనం కాల్చినప్పుడు విద్యుత్ రంగం ఖాతాలో సున్నా వేస్తారు. ఎందుకంటే చెట్టు కొట్టినప్పుడు, నేల దున్నినప్పుడు ఆ నష్టాన్ని భూమి వినియోగం ఖాతాలో రాస్తారు కనుక, రెండుసార్లు లెక్కపెట్టకూడదని. కాగితం మీద చక్కని ఏర్పాటు. ఇబ్బంది ఏమిటంటే అప్పట్లో క్యోటో ఒప్పందం కింద బ్రిటన్‌కు ఉద్గారాల పరిమితి ఉండేది, ఇండోనేషియా, మలేషియాలకు లేదు. బ్రిస్టల్ ఖాతాలో సున్నా పడుతుంది. సుమత్రాలో అడవి పోతే అక్కడి ఖాతాను పరిమితితో పోల్చి అడిగేవాళ్లు లేరు. బాకీ ఎవరి పేరు మీదా లేకుండా పోతుంది. టిమోతీ సెర్చింగర్, ఆయనతో పాటు పలువురు శాస్త్రవేత్తలు 2009లో ‘సైన్స్’ పత్రికలో ఈ లొసుగును వేలెత్తి చూపారు, సరిగ్గా బ్రిస్టల్‌లో దరఖాస్తు మీద వాదులాట నడుస్తున్న రోజుల్లోనే.

బాకీ ఎంత పెద్దదో అంతకు ఏడాది ముందే ఒక అంచనా వచ్చింది. జోసెఫ్ ఫార్జియోన్ బృందం 2008లో, అదే పత్రికలో, ఒక్కో రకం నేలను ఇంధన పంటకు మార్చితే ఎంత కార్బన్ బయటికొస్తుందో, ఆ పంట ఏటా ఆదా చేసే పెట్రోలు డీజిలు కార్బన్‌తో ఆ అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో లెక్కగట్టింది. మామూలు నేల మీది వర్షారణ్యం కొట్టి పామ్ వేస్తే 86 ఏళ్లు. పీట్ నేల మీది అడవి అయితే 423 ఏళ్లు.

పీట్ అంటే కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అసలు భారం దానిదే. ఆగ్నేయాసియా పల్లపు అడవుల్లో ఆకులూ కొమ్మలూ నీటిలో పడి, గాలి అందక పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్నాయి. కొన్ని చోట్ల పది మీటర్ల మందం. బొగ్గు కాబోయి ఆగిపోయిన పదార్థం అనుకోవచ్చు. ఆయిల్‌పామ్ వేరు నీటిలో నిలవదు కనుక తోట వేయాలంటే ముందు కాలువలు తవ్వి నీళ్లు దించాలి. నీరు దిగిన మరుక్షణం నుంచి గాలి లోపలికి పోతుంది, సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి, వేల ఏళ్ల నిల్వ ఏటా కొంచెం కొంచెంగా కార్బన్ డయాక్సైడై లేచిపోతుంది. నేల కుంగుతుంది. ఇది ఒకసారి జరిగి ఆగే నష్టం కాదు, నీరు దించి ఉంచినన్నాళ్లూ సాగుతుంది. ఎండిన పీట్‌కు నిప్పంటుకుంటే పైన వాన పడినా లోపల రాజుతూనే ఉంటుంది. 2015 ఎల్‌నినో ఏడాదిలో ఇండోనేషియా మంటలు కొన్ని రోజుల్లో మొత్తం అమెరికా దేశం ఆ రోజు వదిలిన కార్బన్ కన్నా ఎక్కువ వదిలాయి.

మేం అడవి కొట్టిన తోటల నూనె కొనం, పాత తోటలదే కొంటాం అని కంపెనీలు అంటాయి. అబద్ధమని అనలేం. 2009లో యూరప్ తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం కూడా ఇదే అడిగింది: 2008 జనవరి నాటికి అడవిగా ఉన్న నేల నుంచి వచ్చిన నూనెకు రాయితీ లేదు, శిలాజ ఇంధనంతో పోలిస్తే కనీసం 35 శాతం ఉద్గారాలు తగ్గాలి. పాత తోట నూనె ఇంజనుకు పోతే, ఇన్నాళ్లూ ఆ నూనె కొంటున్న సబ్బుల ఫ్యాక్టరీ, బిస్కెట్ల కంపెనీ, మన కిరాణా కొట్టు ఏం చేస్తాయి? ఇంకో చోట కొంటాయి. ధర పెరుగుతుంది, ఎక్కడో ఇంకొకడు కొత్తగా అడవి నరుకుతాడు. ధ్రువపత్రం ఉన్న తోట శుభ్రంగానే ఉంటుంది, నష్టం పక్క లోయకు జరుగుతుంది. ఈ పరోక్ష ప్రభావాన్ని 2009 చట్టం లెక్కలోకి తీసుకోలేదు. పదేళ్లు గడిచాక, 2019లో, యూరోపియన్ కమిషన్ పామాయిలును ఇలాంటి ముప్పు ఎక్కువగా ఉన్న ఇంధన పంటగా వర్గీకరించి, రవాణా ఇంధనంగా దాన్ని 2030 నాటికి లెక్కల్లోంచి తప్పించే దారి పట్టింది. బ్రిస్టల్ సభల్లో మామూలు జనం, బయోఫ్యూయల్‌వాచ్ లాంటి చిన్న సంస్థలు అన్నదాన్ని పదేళ్ల తర్వాత బ్రస్సెల్స్ ఒప్పుకున్నట్టయింది.

ఆయిల్‌పామ్ మీద కక్షతో ఈ మాటలు చెప్పడం లేదు. నూనె పంటల్లో ఎకరానికి అంత దిగుబడి ఇచ్చేది మరొకటి లేదు. సోయా హెక్టారుకు అర టన్ను ఇస్తే గొప్ప. దేశంలో ఆయిల్‌పామ్ సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, తర్వాతది తెలంగాణ. ఏలూరు దగ్గర పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ ఉంది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది, దిగుమతులు తగ్గించుకోవడానికి. మన తోటలు అడవి కొట్టి వేసినవి కావు, వరి, చెరకు, పొగాకు పండిన నేలల్లో వేసినవి. అశ్వారావుపేట వంటి చోట్ల మిల్లుల్లో నూనె పిండాక మిగిలిన పీచు, పెంకులు బాయిలర్లో వేసి మిల్లు తన కరెంటు తనే తీసుకుంటుంది. అది తెలివైన పని, ఎందుకంటే ఆ పీచుకు వేరే గిరాకీ పెద్దగా లేదు. తినే నూనెను ఇంజన్లో పోయడం వేరు.

ఇక ఊరి గాలి సంగతి. ఏవన్‌మౌత్ వాసుల్లో కొందరు పొగ గురించి కూడా భయపడ్డారు. ఇందులో సగం నిజం ఉంది. పామాయిలులో గంధకం దాదాపు ఉండదు, కనుక ఓడల ఇంధనంతో పోలిస్తే ఆ పొగ చాలా నయం. కానీ నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో అది మొక్కల నూనె అన్న పేరు ఏమీ పనికిరాదు. ఆ వాయువులు ఎక్కువ భాగం నూనెలోంచి రావు, గాలిలోంచే వస్తాయి. ఇంజను సిలిండర్లో రెండువేల డిగ్రీలకు చేరే మంటలో గాలిలోని నత్రజని, ఆక్సిజను కలిసిపోతాయి. ఏది కాల్చినా అంతే. దాన్ని తగ్గించడానికి పొగలోకి యూరియా ద్రావణం చల్లుతారు, మనం పొలంలో చల్లే యూరియానే. వేడికి అది అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకం మీద ఆ ఆక్సైడ్లను తిరిగి నత్రజనిగా చేస్తుంది. బాగా నిర్వహిస్తే బాగా పనిచేస్తుంది. ఈ ఒక్క కారణం మీదే అయితే ఏవన్‌మౌత్‌లో అనుమతి నిరాకరించడం కష్టమని నాకనిపిస్తుంది. నిరసనకారులు బలంగా ఉన్నది దూరపు విషయంలో, బలహీనంగా ఉన్నది దగ్గరి విషయంలో. సాధారణంగా జరిగేదానికి తలకిందులు.

చట్టం మాత్రం దగ్గరిదే వింటానంది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది, బహిరంగ విచారణ జరిగింది, 2011 ఫిబ్రవరిలో అప్పటి స్థానిక ప్రభుత్వాల మంత్రి ఎరిక్ పికిల్స్ నగర కౌన్సిల్ నిర్ణయాన్ని తోసిపుచ్చి అనుమతి ఇచ్చాడు. ఆ నిర్ణయం వెనక ఉన్న తర్కం సారాంశంలో ఇది: ఇంధనం సుస్థిరమైనదా కాదా అని చూడటానికి పునరుత్పాదక విద్యుత్ రాయితీల నిబంధనలు ఉన్నాయి, భవన నిర్మాణ అనుమతి ఆ పని నెత్తినేసుకోకూడదు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఏ శాఖ పని ఆ శాఖది. అయితే ఊరివాడు లేచి నిలబడి మాట్లాడే హక్కు ఉన్నది నిర్మాణ అనుమతి విచారణలోనే. రాయితీ నిబంధనలు చూసే గదిలో అతనికి కుర్చీ లేదు. మాట్లాడగలిగిన చోట అడవి ప్రస్తావన చెల్లదు, ప్రస్తావన చెల్లే చోట మాట్లాడలేడు.

ఇంత జరిగినా ఆ కేంద్రం కట్టలేదు. అనుమతి చేతికొచ్చిన రోజుల్లో ప్రపంచ మార్కెట్లో టన్ను పామాయిలు 1,200 డాలర్లు దాటింది. టన్నుకు 4,600 యూనిట్ల కరెంటు వస్తుందని పై లెక్క చెబుతోంది. అంటే యూనిట్‌కు ఇంధనం ఖర్చే 26 సెంట్లు, అప్పట్లో బ్రిటన్ టోకు కరెంటు ధరకు మూడు రెట్లు. రాయితీ లేనిదే ఇంజను తాళం కూడా తిప్పలేరు. రాయితీల మీద ఆ తర్వాతి ఏళ్లలో ప్రభుత్వం పరిమితి పెట్టింది. నెదర్లాండ్స్‌లో ఎసెంట్ కంపెనీ అప్పటికే, 2006లోనే, తన విద్యుత్ కేంద్రంలో పామాయిలు కాల్చడం మానుకుంది. జనం ఆపలేనిదాన్ని మార్కెట్ ధర ఆపింది అనుకోవచ్చు. నాకు అంత తేలిగ్గా అనాలనిపించదు. అప్పీలుతో పోయిన ఏడాది లేకపోతే, ధర తక్కువున్న రోజుల్లో ఒప్పందాలు కుదిరి ఉండేవేమో.

అదే కంపెనీ డోర్సెట్ తీరంలో పోర్ట్‌లాండ్ అనే ద్వీపంలోనూ 17.8 మెగావాట్ల నూనె కేంద్రానికి అనుమతి అడిగింది. అక్కడి కౌన్సిల్ 2010 జనవరిలోనే ఇచ్చేసింది. అదీ నూనెతో నడవలేదు. తర్వాత కొన్నేళ్లకు అక్కడే పాత టైర్ల పొడిని ఇంధనంగా వాడుకునేలా అనుమతి మార్చారు. ఆ తర్వాత అదే రేవులో చెత్త కాల్చే కేంద్రానికి మరో కంపెనీ దరఖాస్తు పెట్టింది. 2023 మార్చిలో డోర్సెట్ కౌన్సిల్ కాదంది, 2024 సెప్టెంబరులో ప్రభుత్వం అవునంది. తాటి జాతి చెట్టు నూనె నుంచి టైర్లకు, టైర్ల నుంచి చెత్తకు. ఇంధనం ఏదైనా మాకనవసరం అని అనుమతి విచారణ ఒకసారి ఒప్పుకున్నాక ఇలాంటి ప్రయాణం వింతేమీ కాదు.

మన దగ్గర ఈ మార్పు ఇంకో తీరులో చూశాం. 2000 తర్వాతి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వరి ఊక, సర్కారు తుమ్మ కట్టెలతో నడిచే ఆరేసి మెగావాట్ల కేంద్రాలు ఊళ్ల పక్కన లేచాయి. అలాంటి కేంద్రం నిండుగా నడిస్తే ఏడాదికి 50 వేల టన్నుల ఊక కావాలి. మిల్లు గేటు దగ్గర తీసుకుపొమ్మని బతిమాలిన ఊక కాస్తా ధర కట్టి అమ్మే సరుకైంది. ఇటుక బట్టీల వాడికి, మిల్లు వాడికి, ఈ కేంద్రాలకు మధ్య పోటీ వచ్చి ధర ఎగబాకింది. విద్యుత్ నియంత్రణ కమిషన్ దగ్గర టారిఫ్ వ్యాజ్యాలు నడిచాయి, చాలా కేంద్రాలు మూతపడ్డాయి. వ్యర్థం అన్న మాట కొనేవాడు వచ్చేదాకానే.

ఇప్పుడు తెలుగు ఊళ్లలో జీవ ఇంధనం అంటే ఇథనాల్. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం దేశం 2025లో అందుకుంది. దాని కోసం బియ్యం, మొక్కజొన్నతో నడిచే డిస్టిలరీలు పుట్టుకొచ్చాయి, వాటితో పాటే ధర్నా టెంట్లు. నారాయణపేట జిల్లా చిత్తనూరు దగ్గర 2023 అక్టోబరులో జనానికీ పోలీసులకూ ఘర్షణ జరిగింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గుండంపల్లి చుట్టుపక్కల జనం 2024 నవంబరు 26న నిర్మల్–భైంసా రోడ్డు మీద బైఠాయించారు. మర్నాటికల్లా పనులు ఆపుతున్నట్టు అధికారులు ప్రకటించాల్సి వచ్చింది.

రోడ్డు మీదికి ఎందుకొచ్చారు, ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పొచ్చు కదా అనే ప్రశ్న సహజం. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పెట్రోల్లో కలపడానికే ఇథనాల్ తీసి, ద్రవ వ్యర్థాలేవీ బయటికి వదలని ధాన్యం డిస్టిలరీలను బీ2 వర్గంలో పెట్టింది. బీ2కు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. బ్రిస్టల్ వాళ్లకు కనీసం మైకు ఇచ్చి, తర్వాత మీ మాట చెల్లదన్నారు. ఇక్కడ మైకే లేదు.

‘బయటికి వదలని’ అన్నది రెండో సున్నా. బియ్యపు పిండిని ఎంజైములతో చక్కెరగా మార్చి ఈస్టుతో పులియబెడతారు. చక్కెర బరువులో సగానికి కాస్త ఎక్కువ ఇథనాల్, సగానికి కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడు అవుతుంది. టన్ను బియ్యానికి 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మద్యాన్ని ఆవిరి చేసి తీశాక మిగిలే నురుగు కుడితి ఇథనాల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, వాగులో పడితే నీటిలోని ఆక్సిజనంతా తాగేసి చేపలను చంపేంత బలమైనది. దాన్ని వాగులో వదలకుండా గట్టి భాగాన్ని వడకట్టి, నీటిని ఆవిరి చేసి, మిగిలిందాన్ని ఆరబెట్టి పశువుల దాణాగా అమ్ముతారు. ఇది చేస్తే ద్రవ విడుదల సున్నా. పద్ధతి నిజంగా పనిచేస్తుంది, నడిపినంతసేపూ. ఆరబెట్టే డ్రయ్యర్లలోంచి వచ్చే కమురు వాసన మాత్రం ద్రవం కాదు. కూలింగ్ టవర్ మీదుగా ఆవిరై పోయే నీరూ ద్రవం కాదు. విడుదల సున్నా అంటే వాడకం సున్నా అని కాదు. లీటరు ఇథనాల్‌కు మూడు నుంచి ఐదు లీటర్ల కొత్త నీరు రోజూ లోపలికి పోతూనే ఉండాలి. ఆ ఆవిరి అంతా పుట్టించే బాయిలర్లో వేసేది ఊకో బొగ్గో.

నీళ్ల విషయంలో ఊరివాళ్ల భయాన్ని కూడా కొలిచి చూడటం మర్యాద. రోజుకు రెండు లక్షల లీటర్లు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. లీటరుకు నాలుగు లీటర్ల లెక్కన రోజుకు ఎనిమిది లక్షల లీటర్ల నీళ్లు, 330 రోజులకు 26 కోట్ల లీటర్లు. ఎకరా వరికి ఒక పంటకాలంలో 48 లక్షల లీటర్లు పడతాయి. అంటే ఫ్యాక్టరీ ఏడాదంతా తాగేది 55 ఎకరాల వరి ఒక్క పంటలో తాగేంత. ఒక ఊరి ఆయకట్టులో అది చిన్న చెక్కే. వర్షాకాలంలో ఎవరికీ తెలియదు కూడా. ఏప్రిల్‌లో, మే నెలలో, ఒకే చోట నాలుగైదు లోతు బోర్లలోంచి ప్రతిరోజూ తోడితే చుట్టుపక్కల బోరున్న రైతుకు ముందుగా తెలుస్తుంది.

కంచె దాటి లెక్కపెడితే బొమ్మ మారిపోతుంది. ఆ ఫ్యాక్టరీ బియ్యంతోనే నడిస్తే ఏడాదికి లక్షా నలభై ఆరు వేల టన్నుల బియ్యం కావాలి, అంటే రెండు లక్షల ఇరవై వేల టన్నుల వడ్లు. ఎకరాకు పాతిక క్వింటాళ్ల లెక్కన 88 వేల ఎకరాల ఒక పంట. గేటు లోపలి నీళ్లు 55 ఎకరాలవి, గేటు బయటి నీళ్లు 88 వేల ఎకరాలవి. నూకలతోనో పాడైన ధాన్యంతోనో నడిపితే ఈ బాధ్యత మొత్తం ఇథనాల్ మీద వేయడం న్యాయం కాదు, మొక్కజొన్నతో నడిపితే నీళ్లు బాగా తగ్గుతాయి. భారత ఆహార సంస్థ గోదాముల్లోంచి మంచి బియ్యమే కొని నడిపితే మాత్రం మొత్తం దాని మీదే. ధర్నా టెంటులో కూర్చున్న రైతుల్లో చాలామంది ఆ వరి పండించేవాళ్లే, బోరు కింద పండించేవాళ్లే. ఆ బోర్లకు 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటలూ కరెంటు ఉచితం. ఆ కరెంటులో పెద్ద వాటా రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసింది. పెట్రోలు బంకులో పోసే ఇథనాల్ ఖాతాలో ఆ బొగ్గు ఎక్కడా కనిపించదు.